వాపసు వచ్చిన మిక్సీ సంగతి ఎక్కడ తేల్చాలి: దుకాణంలోనా, విశాఖ గోదాములోనా?

గృహోపకరణాల దుకాణదారు, విజయనగరం

మా దుకాణం మూడు లాంతర్ల దగ్గర ఉంది. కొనుగోలుదారులు వాపసు ఇచ్చిన మిక్సీలను విప్పకుండా, కనీసం ప్లగ్గు పెట్టి చూడకుండా, పెట్టెల్లో కట్టి విశాఖపట్నం గోదాముకు పంపాలని మాకు సరుకిచ్చే సంస్థ నియమం పెట్టింది. బాగుచేయాలా, విడిభాగాలు తీసుకోవాలా, తుక్కుకు వేయాలా అన్నది అక్కడే నిర్ణయిస్తారు. నా మట్టుకు నాకు ఇది తప్పనిపిస్తోంది.

గత వారం ఒకావిడ మిక్సీ పూర్తిగా కాలిపోయిందని తెచ్చారు. తలకిందులు చేసి అడుగున ఉన్న చిన్న ఎర్ర మీట నొక్కాను, తిరిగింది. పసుపు కొమ్ములు వేసి ఆపకుండా తిప్పడం వల్ల మోటారు వేడెక్కి ఓవర్‌లోడ్ స్విచ్ ట్రిప్ అయిందే తప్ప యంత్రానికి ఏమీ కాలేదు. ఆవిడ దాన్నే తిరిగి పట్టుకెళ్లారు. నియమం పాటించి ఉంటే అది పెట్టెలు లారీకి సరిపడా పోగయ్యేదాకా మా వెనుక గదిలో పడి ఉండేది.

వాపసు సరుకుపై పరిశోధించిన డేనియల్ గైడ్, వాన్ వాసెన్‌హోవ్, వారి సహచరులు 2004 నాటికే చెప్పిన మాట ఒకటుంది. వాపసు సరుకు విలువ రోజులు గడిచేకొద్దీ కరిగిపోతుంది కనుక, త్వరగా పాతబడే వస్తువులను అవి తిరిగి వచ్చిన చోటనే వర్గీకరించాలన్నారు. ప్రింటర్ల విషయంలో వారు చూపిన నష్టం వారానికి సుమారు 1 శాతం.

సరుకు రవాణా ఉద్యోగి, విశాఖపట్నం

దుకాణదారు గారూ, మీరు ఉదహరించిన వాదనలో రెండో సగాన్ని కూడా చూడాలి. ధర నెమ్మదిగా తగ్గే వస్తువులను, ఉదాహరణకు డ్రిల్లింగ్ యంత్రాల వంటి పనిముట్లను, ఒకచోట చేర్చి తక్కువ ఖర్చుతో పరీక్షించడమే మేలని కూడా వారే అన్నారు. మిక్సీ ప్రింటరు కాదు; ఈ సంక్రాంతికి కొన్న మోడలు వచ్చే సంక్రాంతికీ అమ్ముడవుతుంది.

అంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది భద్రత. ఒక్కసారి విప్పిన మిక్సీకి ఎర్తు తీగ సరిగ్గా బిగించకపోతే తడి చేతులతో ముట్టుకున్న మనిషికి షాకు కొడుతుంది. అప్పుడు వారంటీ ఎవరిది? విప్పి బాగుచేసినదాన్ని కొత్తదిగా అమ్మేవారూ ఉన్నారు. అది కొనేవారిని మోసగించడమే.

మోటారు మెకానిక్, శ్రీకాకుళం

ఇద్దరూ మిక్సీలన్నిటినీ ఒకే గాట కడుతున్నారు. మోటారును జారుకు కలిపే కప్లరు పళ్లు అరిగినవీ, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు పొట్టివైపోయినవీ నా బల్లమీద పదిహేను నిమిషాల పని. వైండింగు, అంటే మోటారులోని తీగ చుట్టలు, కాలినవి వేరు. వాటి వాసనే చెబుతుంది. కాలినదాన్ని రీవైండింగు చేయించడం లాభమా కాదా అన్నది తీగను బట్టి ఉంటుంది. ఎనామిల్ పూతను బ్లేడుతో గీకితే రాగి అయితే ఎర్రగా, అల్యూమినియం అయితే తెల్లగా కనిపిస్తుంది. పైకి రెండూ ఒకే రంగులో ఉంటాయి కనుక గీకకుండా తూకం వేసి ధర కట్టినవారు నష్టపోతారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటిన తరువాత ఉద్దానం ఊళ్ల నుంచి నీళ్లు తాగిన మిక్సీలు, ఫ్యాన్లు నా దగ్గరకు వచ్చాయి. విప్పి, మంచినీటితో ఉప్పు కడిగి, ఎండలో ఆరబెట్టి, కరెంటు బయటికి పాకుతోందా అని కొలిచే మెగ్గరుతో ఇన్సులేషన్ చూసిన తరువాతే తిరిగి ఇచ్చాను. వెంటనే ఆరబెట్టినవి నిలిచాయి. వారాల తరబడి గోనెసంచుల్లో ఉండి వచ్చినవాటి బేరింగులు అప్పటికే తుప్పు పట్టాయి. ధర తగ్గకపోయినా వస్తువు చెడిపోతుంది, రవాణా ఉద్యోగి గారు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

అయితే దుకాణదారు గారికీ ఒక మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం తుక్కు నమోదైన రీసైక్లర్లకే చేరాలి. కాలిన మోటారును దుకాణం వెనుక తగలబెట్టి రాగి తీయడం కుదరదు. ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

గృహోపకరణాల దుకాణదారు, విజయనగరం

మెకానిక్ గారి మాటకు ఒప్పుకుంటున్నాను. మోటారు విప్పాల్సిన ఏ మిక్సీనీ నేను ముట్టుకోను, అది విశాఖకే వెళ్లాలి. ఎర్ర మీట, ప్లగ్గు, కప్లరు, జార్ బిగింపు, ఈ నాలుగూ కౌంటరు మీదే చూసే అధికారం మాత్రం మాకు ఇవ్వాలి. దానికి పట్టే అయిదు నిమిషాల కూలి సంస్థ భరించాలి, ఎందుకంటే మిగిలేది వారి లారీ ఖర్చే.

సరుకు రవాణా ఉద్యోగి, విశాఖపట్నం

ఆ నాలుగింటికి నాకు అభ్యంతరం లేదు. చూసిన ప్రతి మిక్సీ సీరియల్ నంబరు, కనిపించిన లోపం, చేసిన పని రాసిన చీటీని పెట్టెకు అంటించండి, కొనుగోలుదారు తిరిగి పట్టుకెళ్లిన వాటికీ ఒక నకలు పంపండి. అది లేకుండా కూలి ఇమ్మని నేను మా పైవారిని అడగలేను.