ల్యాపాక్‌ను సోర్స్ నుంచి కట్టుకోవాలా, ప్యాకేజీ వేసుకుంటే చాలా?

ఎంటెక్_స్ట్రక్చర్స్
హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కాలేజీ, ల్యాబ్‌లో అన్నీ ఉబుంటు మెషీన్లు. బిల్డింగ్ వైబ్రేషన్ మోడ్‌లు లెక్కించే పాత ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామ్ నా ప్రాజెక్టు. ఐగెన్ విలువల (వీటి నుంచే ఫ్రీక్వెన్సీలు వస్తాయి) కోసం ల్యాపాక్ అనే మ్యాట్రిక్స్ లెక్కల లైబ్రరీ కావాలి. "నెట్‌లిబ్ సైట్ నుంచి సోర్స్ దించుకుని మన మెషీన్ మీదే కంపైల్ చెయ్యి, అప్పుడే స్పీడ్" అని మా గైడ్ గారు. "ఆప్ట్ కొట్టి పడుకో" అని హాస్టల్లో పక్క రూమ్ అన్న, అంటే ఉబుంటు రెడీమేడ్ ప్యాకేజీ వేసుకోమని. సీనియర్లు వదిలి వెళ్లిన మేక్‌ఫైల్ (ప్రోగ్రామ్‌ను కట్టే సూచనల ఫైల్) ఒకటి నడుస్తోంది కానీ పెద్ద మోడల్ ఇస్తే ప్రోగ్రామ్ రాత్రంతా తిరుగుతుంది. ఆప్ట్‌తో ఓపెన్‌బ్లాస్ అనే వేగవంతమైన లైబ్రరీ వేసినా ఏ తేడా లేదు. ఎవరి మాట వినాలి?

ఫోర్‌ట్రాన్_తాత
బాబూ, మీ గైడ్ గారి మాటే విను. లిన్‌పాక్, ఐస్‌పాక్ అనే పాత లైబ్రరీలు చేసే పనుల్ని ఒకే గొడుగు కిందికి తెచ్చి 1992లో వదిలిన లైబ్రరీ ఇది. బీఎస్‌డీ తరహా లైసెన్స్, పైసా ఖర్చు లేదు, సోర్స్ అంతా కళ్లెదుటే ఉంటుంది. ఏ రొటీన్ ఫైల్ తెరిచినా ప్రతి ఆర్గ్యుమెంట్ గురించి పైన వివరంగా రాసి ఉంటుంది. మేక్.ఇంక్.ఎగ్జాంపుల్ ఫైల్‌ను మేక్.ఇంక్ పేరుతో కాపీ చేసి మేక్ కొడితే లైబ్రరీతో పాటు పరీక్షలు కూడా నడుస్తాయి, ఎన్ని తప్పాయో చివర్లో పట్టిక వస్తుంది. ప్యాకేజీ వేసుకునేవాళ్లలో ఆ పట్టిక ముఖం చూసినవాళ్లు ఎందరు?

కోఠి_కంపైలర్
తాతగారూ, చదువుకోవడానికి నెట్‌లిబ్ సోర్స్‌ను మించింది లేదు. తమ్ముడు అడిగింది మాత్రం స్పీడ్ గురించి. అక్కడ గైడ్ గారి సలహా తిరగబడుతుంది.

ల్యాపాక్ తన బరువు పనిలో ఎక్కువ భాగాన్ని కింద ఉన్న బ్లాస్ (గుణకారం లాంటి ప్రాథమిక మ్యాట్రిక్స్ లెక్కల లైబ్రరీ) మీదికి నెడుతుంది. సోర్స్‌తో పాటు వచ్చే బ్లాస్ నమూనా కోడ్ మాత్రమే. అందులో మ్యాట్రిక్స్ గుణకారం అంటే మూడు లూపులు ఒకదానిలో ఒకటి, అంతే. ప్రాసెసర్‌లోని చిన్న వేగపు మెమరీ అయిన క్యాష్‌లో పట్టేలా మ్యాట్రిక్స్‌ను ముక్కలు చేయడం, ఒకేసారి చాలా అంకెల మీద పనిచేసే వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లను చేత్తో రాసిన అసెంబ్లీతో వాడుకోవడం ఓపెన్‌బ్లాస్ చేసే పని. కజుషిగె గోటో రాసిన గోటోబ్లాస్2 నుంచి 2011లో విడిపోయి వచ్చిన ప్రాజెక్టు అది. స్పీడ్ పెంచే ఆప్షన్లు ఓ2 పెట్టినా ఓ3 పెట్టినా కంపైలర్ ఆ మూడు లూపుల్ని అలా మార్చలేదు. నాలుగైదు వేల సైజు మ్యాట్రిక్స్ మీద అన్ని కోర్లూ వాడితే తేడా పదుల రెట్లు ఉంటుంది.

ఓపెన్‌బ్లాస్‌నే సోర్స్ నుంచి కడితే? ఉబుంటు ప్యాకేజీలో చాలా రకాల ప్రాసెసర్లకు కెర్నళ్లు (వాటికి తగ్గట్టు రాసిన కోడ్ ముక్కలు) ముందే ఉంటాయి, ప్రోగ్రామ్ మొదలైనప్పుడు సరైనదాన్ని అదే ఎంచుకుంటుంది. మామూలు ల్యాబ్ మెషీన్ మీద నువ్వు కష్టపడి కట్టినా అదే స్పీడ్ వస్తుంది.

ఇక నీకు తేడా ఎందుకు రాలేదంటే, నీ ప్రోగ్రామ్ మీద ఎల్‌డీడీ (అది వాడే బయటి లైబ్రరీలను చూపే కమాండ్) నడిపి చూడు. బ్లాస్ పేరు కనిపించకపోతే సీనియర్లు స్టాటిక్‌గా, అంటే లైబ్రరీని ప్రోగ్రామ్ లోపలే కలిపేసి, లింక్ చేశారని అర్థం. అప్పుడు ఆప్ట్‌తో ఏం వేసినా ఆ ప్రోగ్రామ్‌కు తెలియదు.

పార్క్‌లేన్_పీసీ
ఇంటెల్ వాళ్ల ఎంకేఎల్ లైబ్రరీ ఉండగా ఇదంతా ఏంది భాయ్? అది కూడా ఫ్రీయే కదా.

కోఠి_కంపైలర్
డబ్బు అడగదు, సోర్స్ ఇవ్వదు. ఇంటెల్ మెషీన్ అయితే నిక్షేపంగా వాడుకో. కానీ ఇక్కడ తగువంతా సోర్స్ గురించే.

ఉప్పల్_డేటా
పైథాన్ వాళ్లకు ఒక మాట. పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో వేసుకున్న నంపై (లెక్కల లైబ్రరీ) మామూలుగా తన ఓపెన్‌బ్లాస్‌ను తనతోనే తెచ్చుకుంటుంది. సిస్టమ్‌లో ఏ లైబ్రరీ వేసినా, తీసేసినా దానికి పట్టదు. ఏది వాడుతోందో నంపై.షో_కాన్ఫిగ్ చెబుతుంది. అమీర్‌పేటలో నోట్స్ ఇచ్చినట్టు "ముందు ల్యాపాక్ వేయండి, తర్వాత నంపై" అని ఇప్పటికీ రాసేవాళ్లున్నారు, నమ్మకండి.

ఎంటెక్_స్ట్రక్చర్స్
ఎల్‌డీడీలో బ్లాస్ పేరే లేదన్నా! మేక్‌ఫైల్‌లో లిబ్‌రెఫ్‌బ్లాస్.ఏ (అదే ఆ నమూనా బ్లాస్), లిబ్‌ల్యాపాక్.ఏ అని ఉన్నాయి. రెండూ తీసేసి మైనస్ ఎల్ ఓపెన్‌బ్లాస్ పెట్టి మళ్లీ లింక్ చేశా. రాత్రంతా నడిచే మోడల్ ఇప్పుడు టీ తాగి వచ్చేలోపు అయిపోతోంది. గైడ్ గారికి చూపిస్తే "జవాబులు అవేనా?" అన్నారు. ఫ్రీక్వెన్సీలు కలిశాయి కానీ కొన్ని మోడ్‌ల ప్లస్ మైనస్ గుర్తులు తిరగబడ్డాయి. టెన్షన్‌గా ఉంది.

ఫోర్‌ట్రాన్_తాత
మీ గైడ్ గారు అడగాల్సిందే అడిగారు. టెన్షన్ వద్దు, ఐగెన్ వెక్టర్‌కు (అంటే మోడ్ ఆకారానికి) ప్లస్ మైనస్ రెండూ సరైనవే. బిల్డింగ్ రెండు దిక్కులా ఒకేలా ఉంటే సమాన ఫ్రీక్వెన్సీలు వస్తాయి, అప్పుడు వెక్టర్లు తమలో తాము తిరిగినా తప్పు కాదు. అంకెకు అంకె పోల్చకు. కే ఎక్స్ లోంచి లాంబ్డా ఎం ఎక్స్ తీసేసి (కే స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్, ఎం మాస్ మ్యాట్రిక్స్, లాంబ్డా ఐగెన్ విలువ, ఎక్స్ దాని వెక్టర్), మిగిలింది ఎంత చిన్నదో చూడు.

అయినా సోర్స్ మాట నేను వదలను. ల్యాపాక్‌లోని ఐగెన్ రొటీన్ డీఎస్‌వైజీవీడీ వాడుతుంటే అది అడిగే వర్క్‌స్పేస్ 1+6ఎన్+2ఎన్², ఎన్ అంటే మ్యాట్రిక్స్ సైజు. ఎన్ 32,766 దాటిందా, ఆ సంఖ్య 32 బిట్ ఇంటిజర్‌లో పట్టదు. 64 బిట్ ఇంటిజర్లతో కట్టుకోవాల్సిందే.

కోఠి_కంపైలర్
దానికీ లిబ్‌ఓపెన్‌బ్లాస్64-డెవ్ అని ప్యాకేజీ ఉంది తాతగారూ. ప్రోగ్రామ్‌లోని ఇంటిజర్లన్నీ కూడా 64 బిట్‌కు మార్చాలి, అది వేరే శ్రమ. అసలు అంత పెద్ద మోడల్‌కు సున్నాలను కూడా దాచే డెన్స్ రొటీన్ ఎందుకు? ఆ సైజులో ఒక్క మ్యాట్రిక్సే 8 జీబీ దాటుతుంది, అందులో ఎక్కువ భాగం సున్నాలే. భూకంపం లెక్కలకు కావాల్సింది కింది నుంచి కొన్ని మోడ్‌లు. అలా కొన్నిటినే లెక్కించే ఆర్పాక్ లైబ్రరీ చూడు తమ్ముడూ, అదీ ఆప్ట్‌లోనే దొరుకుతుంది.

ఎంటెక్_స్ట్రక్చర్స్
ఆర్పాక్ చూస్తానన్నా. ఇంకో చిక్కు: వచ్చే నెల నుంచి కాలేజీ సర్వర్ మీద నడపాలట. అక్కడ మాకు రూట్ (అడ్మిన్ హక్కు) లేదు, అడ్మిన్ గారు ప్యాకేజీలు వేయనంటున్నారు.

ఫోర్‌ట్రాన్_తాత
ఇప్పుడు చెప్పండి కోఠి గారూ!

కోఠి_కంపైలర్
ఇక్కడ తాతగారిదే పైచేయి, సోర్స్ నుంచే కట్టు. కానీ నెట్‌లిబ్‌ది కాదు, ఓపెన్‌బ్లాస్‌ది. మేక్ ఇన్‌స్టాల్‌కు ప్రిఫిక్స్‌గా నీ హోమ్ ఫోల్డర్ ఇవ్వు, లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌లో అక్కడి లిబ్ ఫోల్డర్ చేర్చు. ఒక్కటి మర్చిపోకు: ఏమీ చెప్పకపోతే కట్టే మెషీన్ ప్రాసెసర్‌ను చూసి దానికే కడుతుంది. లాగిన్ నోడ్ (నువ్వు లాగిన్ అయ్యి కట్టే మెషీన్) కొత్తదై, జాబులు నడిచే నోడ్‌లు పాతవైతే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అందుకని చాలా రకాల ప్రాసెసర్ల కెర్నళ్లను చేర్చే డైనమిక్_ఆర్చ్=1 పెట్టి కట్టు. కంపైల్‌కు ఎక్కువసేపు పడుతుంది, పట్టనీ.

ఫోర్‌ట్రాన్_తాత
కట్టాక పరీక్షలు నడిపి పట్టిక ఇక్కడ పెట్టు బాబూ.