కొవాచ్: హంగేరీలో కమ్మరి ఇంటిపేరు

ప్రశ్న: హంగేరీ క్రీడాకారుల పేర్లలో ఈ మాట తరచూ కనబడుతోంది. మనవాళ్ళు ఒకచోట కోవాక్స్ అని, ఇంకోచోట కొవాచ్ అని రాస్తున్నారు. ఏది సరైనదండీ? ఇది మనకున్నట్టు ఇంటిపేరేనా?

జవాబు: కొవాచ్ అనే రాయాలండీ. హంగేరియన్ రాతలో సి పక్కన ఎస్ వస్తే పలుకు చ. ఇంటిపేరే, అర్థం కమ్మరి. కోటికి కొంచెం తక్కువ జనాభా ఉన్న ఆ దేశంలో ఈ ఇంటిపేరువాళ్ళు సుమారు 2 లక్షల మంది ఉన్నారు. దీనికంటే ఎక్కువగా వినబడేది ‘నాజ్’. ఆ మాటకు ‘పెద్ద’ అని అర్థం.

మాట మాత్రం హంగేరియన్ల సొంతం కాదు. 9వ శతాబ్దం చివర వాళ్ళు కార్పేథియన్ కొండల నడుమ స్థిరపడేసరికే అక్కడ స్లావులు ఉన్నారు. స్లావు భాషల్లో ‘కొవాతి’ అంటే ఇనుమును సమ్మెటతో కొట్టి సాగదీయడం, ఆ పని చేసేవాడు కొవాచ్. సాలెవాడికి హంగేరియన్‌లో ఉన్న ‘తకాచ్’ కూడా అక్కడి నుంచి వచ్చిందే, అదీ ఇంటిపేరైంది. ఇరుగుపొరుగు దేశాల్లో చూస్తే బంధుత్వం తెలుస్తుంది. 1993లో స్లొవాకియాకు తొలి అధ్యక్షుడైన మిఖాల్ కొవాచ్, సెర్బులలోనూ క్రొయేషియన్లలోనూ కొవాచెవిచ్‌లు, ఉక్రెయిన్ కొవలెంకోలు, పోలండ్ కొవాల్‌స్కీలు అందరిదీ ఒకటే ధాతువు. ఇంగ్లీషు స్మిత్, జర్మన్ ష్మిట్ అర్థంలో దగ్గరివే కానీ ధాతువు వేరు.

ఇంకొకరు: అయితే ఆ 2 లక్షల మందీ ఒకే మూలపురుషుడి సంతానమా?

జవాబు: కాదండీ, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. నాగలి కర్రు సాగదీయాలన్నా గుర్రానికి లాడం కొట్టాలన్నా ప్రతి ఊళ్ళో ఒక కొలిమి ఉండాల్సిందే. ఊళ్ళో నలుగురు యానోశ్‌లుంటే కొలిమి దగ్గర ఉండేవాడు కొవాచ్ యానోశ్. మధ్యయుగాల చివర్లో ఇలాంటి గుర్తింపు పేర్లు తండ్రి నుంచి కొడుక్కి రావడం మొదలైంది. కొడుకు సమ్మెట పట్టకపోయినా పేరు నిలిచిపోయింది. ఎన్ని ఊళ్ళలో కొలుములుంటే అన్నిచోట్ల విడివిడిగా పుట్టిన పేరు ఇది. బుడాపెస్ట్ పక్కనే నాజ్‌కొవాచి అనే ఊరుంది. హంగేరీని మొదట ఏలిన ఆర్పాద్ వంశపు రాజుల కాలంలో రాజుగారి పనికి కమ్మరులను ఒకచోట ఉంచిన ఊళ్ళకు ఇలాంటి పేర్లు వచ్చేవి.

మొదట అడిగినవారు: కొవాచ్ యానోశ్ అన్నారు. ఇంటిపేరు ముందు వచ్చిందేమిటి?

జవాబు: అసలు మనం పట్టించుకోవలసింది అదే. యూరప్‌లో చాలాచోట్ల ఇంటిపేరు చివర వస్తే, హంగేరియన్‌లో మనలాగే ముందుంటుంది. విశేషణం ముందు, నామం తర్వాత అన్న వరుసే పేర్లలోనూ నడుస్తుంది. ఊరి పేర్ల నుంచి వచ్చిన ఇంటిపేర్లు చూడండి. మనకు కందుకూరు కందుకూరి అయింది, వేటూరు వేటూరి అయింది. వాళ్ళకు సెగెద్ ఊరివాడు సెగెది, దెబ్రెత్సెన్ ఊరివాడు దెబ్రెత్సెని. మన ‘ఇ’ ఔపవిభక్తికం, అంటే విభక్తి చేరేముందు నామం చివర వచ్చేది; వాళ్ళది విశేషణ ప్రత్యయం. రెండు భాషలకూ చుట్టరికం అంటగట్టనక్కరలేదు, కానీ ఈ పోలిక చూస్తే ముచ్చటేస్తుంది.

అందుకే నా గట్టి అభిప్రాయం చెబుతాను. ఒక హంగేరీ సంగీతకర్త పేరు హంగేరియన్‌లో బార్తోక్ బేలా. ఇంగ్లీషువాళ్ళు తమ అలవాటు కొద్దీ బేలా బార్తోక్ అని తిప్పారు. కందుకూరి వీరేశలింగం అని రాసుకునే మనకు ఆ తిప్పుడు ఎందుకు? తెలుగులో రాసేటప్పుడు బార్తోక్ బేలా అనీ, కొవాచ్ యానోశ్ అనీ వాళ్ళ వరుసలోనే రాద్దాం.