పాత తాలూకా ఆఫీసు కూల్చేస్తారట, ఇలాంటివి బాగుచేసేవాళ్లు అసలు ఉన్నారా?

గోదారిగట్టు:
మాది గోదావరి జిల్లాల్లో చిన్న టౌన్ అండి. ఇక్కడ బ్రిటిష్ కాలం నాటి తాలూకా ఆఫీసు ఒకటి ఉంది. మద్రాసు టెర్రేస్ కప్పు (దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసేది), టేకు దూలాలు, చుట్టూ వరండా. ఎమ్మార్వో ఆఫీసు కొత్త బిల్డింగ్‌కి మారాక తాళం వేసి వదిలేశారు. ఇప్పుడు శిథిలావస్థలో ఉందని కాగితం రాశారు, కూల్చి షాపులు కడతారని ఊళ్లో టాక్. నేను లోపలికెళ్లి చూస్తే ఒక గదిలో కప్పు కారుతోంది, రెండు దూలాల చివర్లు పుచ్చాయి, వెనక గోడలో రావి మొక్క మొలిచింది. మిగతాదంతా నా కంటికి దిట్టంగానే ఉంది, కానీ నేను బ్యాంకు ఉద్యోగిని, నా కన్ను ఎవరికి కావాలి. ఇలాంటివి బాగుచేసేది ఎవరు? ఆర్ అండ్ బీ వాళ్లేనా, వేరే మనుషులు ఉంటారా? ఆ సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారా?

రిటైర్డ్‌ఏఈ:
ఆర్ అండ్ బీలోనే చేసి రిటైరయ్యాను కాబట్టి ఉన్నమాట చెప్తా. మాకు కాలేజీలో నేర్పింది కాంక్రీటు, స్టీలు. సున్నం కట్టుబడి మీద ఒక చాప్టర్ ఉంటే గొప్ప. అందుకని పాత బిల్డింగ్ రిపేరుకొస్తే మా వాళ్లకు తోచేది ఒకటే, పెచ్చులు రాలగొట్టి సిమెంటు ప్లాస్టరింగ్ కొట్టడం. అక్కడే పాడు మొదలవుతుంది. సున్నం గోడ తేమ పీల్చుకుంటుంది, మళ్లీ బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమకు దారి ఉండదు, లోపల ఉప్పు పేరుకుని ఇటుక పిండిపిండిగా రాలిపోతుంది, పైకి మాత్రం సిమెంటు నున్నగా కనిపిస్తూ ఉంటుంది. పదేళ్ల తర్వాత ఆ ప్లాస్టరింగ్ పెచ్చు ఇటుకతో సహా ఊడొస్తే "పాతదండీ, ఆయుష్షు తీరింది" అంటారు. ఆయుష్షు తీరడం కాదు, రిపేరే చంపింది.

మీరు చెప్పిన మూడు లోపాలకీ మూలం నీళ్లే. టేకు దూలం నడిమధ్యలో పుచ్చడం అరుదు, గోడలోకి దూరిన చివర తడిసి పుచ్చుతుంది. దూలం మొత్తం మార్చక్కర్లేదు, పుచ్చిన మేరకు కోసి కొత్త టేకు ముక్క అతికించి రెండు పక్కలా ఇనుప పట్టీలు బిగించవచ్చు. ముందు పైకెక్కి తూములు చూడండి, ఆకులతో పూడిపోయి ఉంటాయి. రావి మొక్కను మాత్రం ఎవరూ ఊరికే పీకకండి, వేరు లోపలే ఉండిపోయి మళ్లీ చిగురిస్తుంది, లాగితే కట్టుబడి కూడా కదులుతుంది. మొదలు కోసి, వేరుకు మందు పట్టించి, అది చచ్చాక ఆ సందు సున్నంతో నింపాలి.

ఇంకోటి, సీపీడబ్ల్యూడీ, అంటే కేంద్ర ప్రజాపనుల శాఖ, 2013లోనే ఇలాంటి కట్టడాల కోసం ఒక చేతిపుస్తకం వేసింది. "మాకు పద్ధతి తెలీదు" అని ఏ ఇంజనీరైనా అంటే అది చూపించండి.

నిజంచెప్పాలంటే:
అందరూ ఎమోషనల్ అవుతున్నారు గానీ, కప్పు మీద పడితే ఎవరు బాధ్యులు? ఉస్మానియా ఆస్పత్రి చూశాం కదా, 2020 జులై వానలకు వార్డుల్లోకి నీళ్లొస్తే పాత బ్లాకు ఖాళీ చేయాల్సి వచ్చింది. పేషెంట్లకి వారసత్వం కాదు, మంచం కావాలి. చివరికి కొత్త ఆస్పత్రికి గోషామహల్‌లో 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు.

కోఠిపాతవిద్యార్థిని:
పై కామెంట్‌కి: ఆస్పత్రి అవసరాలు పెరిగాయి కాబట్టి కొత్తది కట్టడం సరే, ఎవరూ కాదనలేదు. దానికీ పాతది కూల్చడానికీ సంబంధం ఏంటి?

నేను చదివింది కోఠి ఉమెన్స్ కాలేజీలో, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌ప్యాట్రిక్ 1800ల మొదట్లో కట్టించిన రెసిడెన్సీ. మా టైంలో దర్బారు హాలు పక్కనుంచి వెళ్లాలంటేనే భయం, పైనుంచి పెచ్చులు పడేవి. 2002లో ప్రపంచవ్యాప్తంగా ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో, అదే వరల్డ్ మాన్యుమెంట్స్ వాచ్‌లో, దాని పేరొచ్చింది. బాగుపడేసరికి దాదాపు ఇరవై ఏళ్లు. ఇప్పుడు వెళ్లి చూడండి.

కోర్టు దారి కూడా ఉంది. ఎర్రమంజిల్ భవనం కూల్చి అసెంబ్లీ కడతామన్న కేబినెట్ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. కానీ సెక్రటేరియట్‌లో నిజాం కాలం నాటి జీ బ్లాకు 2020లో మిగతా బ్లాకులతో కలిపి నేలమట్టమైంది. హైదరాబాద్‌లోనే ఇంత తేడా.

గోదారిగట్టు:
థాంక్స్ అండి. తూముల సంగతి నాకు తట్టనే లేదు. మేస్త్రీల విషయం ఎవరైనా చెప్తారా?

మేస్త్రికొడుకు:
ఉన్నారు బ్రో, కానీ తక్కువ. మా నాన్న, బాబాయి ఈ పనే చేస్తారు, గుళ్లు, కోటలు, పాత బంగళాలు. గానుగ సున్నం అంటే సున్నం, ఇసుక వేసి రాతి చక్రం కింద బాగా నలగ్గొట్టడం, ఒకప్పుడు ఎద్దులు తిప్పేవి, ఇప్పుడు మోటార్. ముందు సున్నాన్ని రోజుల తరబడి నీళ్లలో మాగనివ్వాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలుపుతారు, నున్నటి పూతకైతే కొన్నిచోట్ల గుడ్డు తెల్లసొన కూడా. టెర్రేస్ పని ఇంకా కష్టం, ఇటుక ముక్కలు, సున్నం పరిచి ఆడవాళ్లు వరసగా కూర్చుని కొయ్యపలకలతో రోజుల తరబడి కొడతారు, పలక ఎగిరి పడేంత గట్టిపడేదాకా. ఫొటోల్లో ఆర్కిటెక్టులు ఉంటారు, వీళ్లు ఉండరు.

అసలు గొడవ టెండర్‌ది. తక్కువ కోట్ చేసినోడికే పని. వాడు రోడ్లు వేసే కాంట్రాక్టరు. మార్చికల్లా బిల్లు పెట్టుకోవాలి, సున్నం ఆరేదాకా ఆగమంటే ఆగుతాడా, పైన సున్నం రంగేసి లోపల సిమెంటు కలిపేస్తాడు. మా నాన్నని అలా కలపమని ఒకచోట అడిగారు, పని వదిలేసి వచ్చేశాడు. కాబట్టి మీరు "బాగుచేయండి" అని మాత్రమే అడిగితే చాలదు, ఎస్టిమేట్‌లో సున్నం పని అని, అలాంటి పని చేసిన అనుభవం ఉండాలని రాయించండి.

రిటైర్డ్‌ఏఈ:
పైనబ్బాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. గోదారిగట్టు గారూ, ముందు ఆ శిథిలావస్థ రిపోర్టు కాపీ ఆర్టీఐ కింద అడగండి. అందులో ఏ గది, ఏ దూలం, ఏ టెస్టు చేశారు అన్నది ఉందా, ఒక్క పేరాలో తేల్చేశారా చూడండి. ఒక్క పేరా అయితే కలెక్టర్ గారికి అర్జీ పెట్టి కన్జర్వేషన్ ఆర్కిటెక్టుతో రెండో పరిశీలన అడగవచ్చు, వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ చాప్టర్ దగ్గర్లో ఉంటే వాళ్లని కలుపుకోండి. ఈలోగా వానలు రాకముందే తూములు తీయించి, కారే చోట టార్పాలిన్ కప్పించండి. ఆ ఖర్చు పంచాయతీయో మున్సిపాలిటీయో పెట్టుకోగలదేమో అడగండి.