డౌన్ సిండ్రోమ్ పాప: ఆర్‌ఎస్‌వీ తగ్గినా నిద్రలో ఆక్సిజన్ పడిపోతోంది

మాది అనంతపురం. పాపకు 14 నెలలు, డౌన్ సిండ్రోమ్. ఎకోలో గుండె బాగానే ఉంది. ఆర్‌ఎస్‌వీ (ఊపిరితిత్తులకు సోకే వైరస్) పాజిటివ్ వచ్చి ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఇంటికొచ్చి 12 రోజులైంది. జ్వరం లేదు, పాలు తాగుతోంది.

మెలకువలో ఆక్సిజన్ 96-97 శాతం. రాత్రి ఒంటిగంట దాటాక గురక పెడుతూ, ఒక్కసారిగా ఊపిరి ఆగినట్టై, ఛాతీ లోపలికి లాగుకుని 88కి పడిపోతుంది. పక్కకు తిప్పితే మళ్లీ 94. పెదాలు నీలం కాలేదు.

ఆక్సిజన్ కొలిచే మెషిన్ ప్రోబ్ కాలి బొటనవేలికి పెట్టాం, మెషిన్ మార్చాం, అదే రీడింగ్. సెలైన్ చుక్కలు, నెబ్యులైజర్ పనిచేయలేదు. ఎక్స్‌రే క్లియర్, వైరస్ ప్రభావమే అన్నారు డాక్టరుగారు. ఈ పిల్లల్లో స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఎక్కువ కదా, అదే టెన్షన్. రేపు మళ్లీ చూపిస్తున్నాం.

ఇలాంటి పిల్లలున్నవాళ్లు చెప్పండి: స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ చూసే పరీక్ష) వెంటనే చేయించారా, ఆర్‌ఎస్‌వీ తగ్గాక కొన్ని వారాలు ఆగమన్నారా?