సానుభూతి, సహానుభూతి: వార్డులో ఈ తేడాను ఎలా గుర్తించాలి?

ప్రశ్న – బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని

అందరికీ నమస్కారం. రోగిని చూసి జాలిపడితే సానుభూతి (సింపతీ) అనీ, రోగి స్థానంలో నిలబడి ఆలోచిస్తూనే మన స్పృహలో మనం ఉండగలిగితే సహానుభూతి (ఎంపతీ) అనీ మాకు పాఠంలో చెప్పారు. పరీక్షలో అదే రాసి మార్కులూ తెచ్చుకున్నాను. అయితే గత నెల మెడికల్ వార్డులో పోస్టింగ్ పడినప్పుడు, అరవై దాటిన ఒకామె "నన్ను ఇంటికి పంపించెయ్యి తల్లీ" అని నా చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే నాకూ కన్నీళ్లు ఆగలేదు. అది చూసిన సీనియర్ సిస్టర్ "నువ్వూ ఏడుస్తూ కూర్చుంటే ఇంజెక్షన్లు ఎవరు వేస్తారు?" అన్నారు. ఆవిడ మాటలో తప్పు లేదు, ట్రేలో మందులు అలాగే ఉన్నాయి. ఏడ్చాను గనుక నాది సానుభూతి, ఏడవకుండా ఉంటే సహానుభూతి అయ్యేదా? అసలు ఇరవై ఏళ్లు నిండని నాకు ఆమె బాధ తెలియడం సాధ్యమేనా?

జవాబు 1 – స్టాఫ్ నర్స్, 19 ఏళ్ల సర్వీసు

ముందు మాటల సంగతి చెబుతాను. మనం ఎంపతీకి వాడే ఈ 'సహానుభూతి'నే హిందీవారు సింపతీకి వాడతారు. మా వార్డులో ఉత్తరాది సిస్టర్ ఒకరు ఉండేవారు, ఈ మాట మీద మా ఇద్దరికీ ఎప్పుడూ వాదనే. ఇంగ్లీషులోనూ ఎంపతీ పాత మాటేమీ కాదు. కళాఖండాన్ని చూసేవాడు దానిలో లీనం కావడాన్ని చెప్పే జర్మన్ పదానికి సమానార్థకంగా 1909లో టిచెనర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దాన్ని తయారు చేశాడు. నర్సింగ్‌లోకి అది ఆ తరువాత వచ్చింది. నర్సింగ్ సిద్ధాంతకర్త జాయిస్ ట్రావెల్బీ 1966లో నర్సుకూ రోగికీ మధ్య బంధం ఏర్పడే దశలను చెబుతూ ఎంపతీని ముందు, సింపతీని దాని తరువాత పెట్టింది. అంటే ఎదుటివారి బాధ అర్థమయ్యాక దాన్ని తగ్గించాలన్న కోరిక పుట్టడమే ఆవిడ లెక్కలో సింపతీ. కాబట్టి మీ కన్నీళ్లను తప్పుల ఖాతాలో రాసుకోకండి.

మీ రెండో ప్రశ్నకు నా అనుభవం చెబుతాను. ఒకసారి ఇలాగే ఒక పెద్దావిడ ఇంటికి పంపమని పోరుతూ, సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టిన క్యాన్యులాను (సన్నని గొట్టాన్ని) రెండుసార్లు పీకేసింది. నరాలు సన్నంగా ఉండి మూడు చోట్ల గుచ్చాల్సి వచ్చింది గనుక సూదికి భయపడుతోందని నేను నమ్మేశాను, "ఇంకేం నొప్పి ఉండదమ్మా" అని పదేపదే చెప్పాను. అయినా వినలేదు. చివరికి విసుగొచ్చి, నిజంగా విసుగొచ్చే, "ఇంటి దగ్గర అంత పనేముందమ్మా?" అని అడిగాను. చూడి గేదె ఉందట, ఇవాళో రేపో ఈనుతుందట, భర్తకు చూపు ఆనదట. కోడలికి ఫోన్ కలిపి మాట్లాడించాం. ఆ తరువాత సెలైన్ పూర్తయ్యేదాకా కదల్లేదు. ఆమె భయం నాకు ముందే అర్థమైపోయిందని అనుకోవడమే నేను చేసిన పొరపాటు. ఆమె వయసు మనకు రానక్కరలేదు, అనుభవమూ అక్కరలేదు, మన ఊహ సరైనదో కాదో ఆమెనే అడిగి తేల్చుకుంటే చాలు.

జవాబు 2 – ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న తెలుగు నర్సు

ఇక్కడ 2012లో నర్సుల కోసం 'ఆరు సీలు' అని, ఇంగ్లీషులో 'C' అక్షరంతో మొదలయ్యే ఆరు విలువలు ప్రకటించారు. కరుణ, ధైర్యం, సామర్థ్యం వంటివి అందులో ఉన్నాయి గానీ ఎంపతీ అన్న మాట లేదు. మరుసటి ఏడాది స్టాఫర్డ్ ఆసుపత్రి మీద ఫ్రాన్సిస్ విచారణ నివేదిక వెలువడింది. రోగులకు అన్నం, నీళ్లు చేతికి అందని చోట పెట్టి వెళ్లిపోయిన ఉదంతాలు అక్కడ బయటపడ్డాయి. అది చదివినప్పటి నుంచి నేను మంచం దగ్గర నుంచి కదిలేముందు నీళ్ల గ్లాసు రోగికి ఏ వైపు ఉందో చూస్తాను. పక్షవాతం వచ్చినవారికైతే పనిచేసే చెయ్యి వైపు ఉండాలి కదా. సిబ్బంది కొరత కూడా అక్కడి దుస్థితికి ఒక కారణమని ఆ నివేదికే చెప్పింది, కనుక అంతా నర్సు మనసు మీదకే నెట్టేసేవారితో నేను ఏకీభవించను.

జవాబు 3 – రోగి కుమారుడు

నేను ఈ వృత్తివాణ్ణి కాను. మా నాన్నగారికి ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు తీసేటప్పుడు ఒక సిస్టర్ "ఏం కాదు తాతా, భయపడకు" అన్నారు. ఆయన మరింత బిగుసుకుపోయారు. ఇంకొక సిస్టర్ వచ్చి "మత్తు సూది గుచ్చేటప్పుడు చురుక్కుమంటుంది, తరువాత వీపులో ఒత్తినట్టు ఉంటుంది, దగ్గు వస్తే ముందే చెప్పండి, ఆపుతాం" అన్నారు. ఆవిడ ముఖంలో జాలి కనిపించలేదు గానీ నాన్నగారు మాత్రం ఆవిడ పేరు అడిగి తెలుసుకున్నారు.

జవాబు 4 – నర్సింగ్ ట్యూటర్

పై ఉదాహరణలోని "ఏం కాదు"ను మేము ఉత్తుత్తి భరోసా అంటాం. 1859లో ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సింగ్ మీద రాసిన తన పుస్తకంలో ఇటువంటి ఊరడింపుల మీదే ఒక అధ్యాయం రాసింది. అవి రోగిని మరింత ఒంటరిని చేస్తాయని ఆవిడ ఫిర్యాదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. నా చెయ్యి పట్టుకుని ఏడ్చిన ఆమెను ఇంటి సంగతి అడగాలని నాకు తట్టనే లేదు, ఇప్పుడు డిశ్చార్జి అయి వెళ్లిపోయింది. ఒక్క సందేహం మిగిలింది. ముప్ఫై మందికి మందులు ఇవ్వాల్సిన పూట అడగడానికి సమయం ఎక్కడిది?

జవాబు 1 రాసిన స్టాఫ్ నర్స్

విడిగా సమయం దొరకదు, దాని కోసం చూడకండి. క్యాన్యులాకు ప్లాస్టర్ వేసేటప్పుడు, మంచం మీద పక్కకు తిప్పేటప్పుడు మీ చేతులు ఎలాగూ అక్కడే ఉంటాయి, అప్పుడు అడగండి. బీపీ చూసేటప్పుడు మాత్రం వద్దు, మాట్లాడిస్తే రీడింగ్ పెరుగుతుంది.