జీడి ఫ్యాక్టరీకి సప్లై చైన్ పాఠాలు ఎంతవరకు పనికొస్తాయి?

ఉద్దానం కుర్రాడు:

అందరికీ నమస్తే. మాది పలాస దగ్గర ఊరు. చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది, నాన్న, చిన్నాన్న కలిసి చూసుకుంటున్నారు. నేను హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం చేసి ఈమధ్యే ఇంటికొచ్చేశాను. సప్లై చైన్ మేనేజ్‌మెంట్ మీద ఆన్‌లైన్ కోర్సు ఒకటి మొదలెట్టాను కానీ అందులో ఉదాహరణలన్నీ కార్లూ సెల్‌ఫోన్లే. మా గొడవేమో వేరు. గోడౌన్‌లో బద్ద (రెండుగా చీలిన పప్పు), ముక్క పేరుకుపోయి ఉంటాయి, ఫోన్ చేసినవాళ్లంతా 240 గుళ్లు (ఆ సైజు నిండు జీడిపప్పు) ఉన్నాయా అంటారు, అవి ఉండవు. సీజన్‌లో పిక్కలు (తొక్కతో ఉన్న జీడి గింజలు) కొనేసరికి డబ్బంతా అక్కడే ఇరుక్కుంటుంది. దసరా ముందు ఫోన్లు ఆగవు, దీపావళి దాటిందంటే పలకరించే నాథుడు ఉండడు. నాన్నని అడిగితే "ఇది మార్కెట్‌రా, నీ లెక్కలకి దొరికేది కాదు" అంటారు.

మరి ఈ పాఠాల్లో మాకు పనికొచ్చేది ఏటి? ఎక్కడ మొదలెట్టాలి? కోర్సుకి మిగతా ఫీజు కట్టమంటారా వద్దంటారా?

గంటస్తంభం సెంటర్:

తమ్ముడూ, మాది విజయనగరం, వేర్‌హౌస్ ప్లానింగ్‌లో పనిచేస్తాను. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

సప్లై చైన్ అనగానే చాలామంది లారీలు, గోడౌన్లు అనుకుంటారు. సరుకు కదలడం అందులో ఒక ముక్క మాత్రమే. రైతు దగ్గర నుంచి మిఠాయి కొట్టు దాకా సరుకు ఇటు వస్తుంది, డబ్బు అటు వెళ్తుంది, ఎంత కావాలి ఎప్పుడు కావాలి అన్న కబురు రెండు వైపులా తిరగాలి. కొనేవాళ్లు, తయారీవాళ్లు, అమ్మేవాళ్లు ఎవరి లెక్క వాళ్లు చూసుకుంటే మధ్యలో సరుకు పేరుకుపోతుంది కాబట్టి మొత్తాన్ని ఒకటిగా చూడాలని 1982లో కీత్ ఆలివర్ అనే కన్సల్టెంట్ ఈ పేరు వాడాడు. అంతకుముందు వ్యాపారాలు నడవలేదా అంటే నడిచాయి, పేరు లేదంతే.

ఇప్పుడు మీ విషయం. కారు ఫ్యాక్టరీలో వేల విడిభాగాలు వచ్చి ఒక కారు అవుతుంది. మీ దగ్గర పూర్తిగా తిరగేసి ఉంటుంది, ఒక బస్తా లోపలికెళ్తే పది రకాలు బయటికొస్తాయి. 240 ఒక్కటే తయారు చేస్తానంటే కుదరదు. బస్తా కొట్టిన రోజే 180, 210, 240, 320, బద్ద, ముక్క, నూక అన్నీ పుట్టేస్తాయి, వాటిలో నీకు ఆర్డర్ ఉన్నది ఒకటో రెండో. (తెలియనివాళ్ల కోసం: 240 అంటే పౌండుకి 220 నుంచి 240 గుళ్లు తూగే సైజు. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, రేటు ఎక్కువ.) అందుకే ఆ వీడియోలు నీకు అతకడం లేదు. 240కి ఆర్డర్ వచ్చిందని ఇంకో పది బస్తాలు కొట్టావనుకో, ఆ ఆర్డర్ తీరుతుంది, దాంతోపాటు ఎవరూ అడగని బద్ద గోడౌన్‌కి చేరుతుంది. నువ్వు చూస్తున్న గుట్ట అదే.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది సరుకుని ఏ రూపంలో దాచాలి అని. బాగా ఎండిన పిక్క పొడి గోడౌన్‌లో ఏడాది దాకా ఉంటుంది. అదే పప్పు చేశాక తేమ 5 శాతం దాటకూడదు, మన దగ్గర వానాకాలం గాలికి మెత్తబడిపోతుంది, పురుగు పడుతుంది, పాత నూనె వాసన వస్తుంది. పైగా అప్పటికే కూలీ, కరెంటు, బాయిలర్ ఖర్చు అన్నీ పడిపోయి ఉంటాయి. పిక్కగా ఉన్నంతసేపు నీ చేతిలో నిర్ణయం ఉంటుంది, పగలగొట్టాక ఉండదు. వీలైనంత వరకు పిక్కగానే ఆపుకుని, చేతిలో ఆర్డర్లు చూసుకుని కొట్టాలి. మీ కోర్సులో దీన్ని పోస్ట్‌పోన్‌మెంట్ అంటారు, ముందుకెళ్తే వస్తుంది.

ఒక చిక్కు ఉంది, అది వీడియోల్లో చెప్పరు. ఆర్డర్ ఉంటేనే కొడతానంటే పీలింగ్‌కి (పప్పు మీది పొట్టు తియ్యడానికి) వచ్చే ఆడవాళ్లు పని లేని వారం పక్క ఫ్యాక్టరీకి వెళ్లిపోతారు, మళ్లీ దసరా ముందు నువ్వు బతిమాలినా రారు. అందుకని ఏడాది పొడవునా కొంత పని నడవాల్సిందే. ఎంత నడపాలన్నదే అసలు లెక్క.

ఇంకోటి, లాట్ పుస్తకం. లాట్ అంటే ఒకసారి కొన్న సరుకు. కొనేటప్పుడు మీవాళ్లు కటింగ్ టెస్ట్ చేస్తారు కదా, కిలో పిక్కలు లెక్కపెట్టి, కోసి, మంచి పప్పు తూకం చూస్తారు. 80 కిలోల బస్తాకి 48 పౌండ్ల అవుట్‌టర్న్ (బస్తాకి దిగే మంచి పప్పు తూకం) అంటే సుమారు 22 కిలోల పప్పు. ఆ కాగితం తర్వాత ఏమవుతోంది? అదే లాట్‌లో చివరికి గ్రేడింగ్ బల్ల మీద 240 ఎన్ని కిలోలు వచ్చింది, బద్ద ఎంత వచ్చింది అని పక్కనే రాయండి. కిలోకి తక్కువ పిక్కలు తూగితే గింజ పెద్దదని నాన్నగారికి చూపుతోనే తెలుస్తుంది, నువ్వు దాన్ని అంకెల్లో పెడుతున్నావంతే. ఒక సీజన్ రాస్తే ఏ ఊరి పిక్క ఎక్కడ కొనాలో పుస్తకమే చెబుతుంది.

పాత స్టోర్‌కీపర్:

పైన బాబు చెప్పింది బాగుంది. నేను ఒక జూట్ మిల్లు స్టోర్స్‌లో చేసి రిటైరయ్యాను. ఫార్ములాలు పిక్కకి పనికిరావు గానీ టిన్నుకి పనికొస్తాయి బాబూ. టిన్నులు, కవర్లు, అట్టపెట్టెలు, బాయిలర్ సామాను వీటికి రేటు రోజూ మారదు, వాడకం తెలుసు, కాబట్టి లెక్క కుదురుతుంది.

రోజుకి 20 టిన్నులు వాడతారు, ఆర్డర్ పెట్టిన 12 రోజులకి వస్తాయి అనుకోండి. 240 టిన్నులు అక్కడే అయిపోతాయి. లారీ ఆలస్యానికి ఇంకో 60 కలుపుకోండి. 300కి దిగగానే ఫోన్ చెయ్యాలి, స్టాక్ అయిపోయాక కాదు. మేము గోడకి ఎర్ర పెయింటుతో గీత గీసేవాళ్లం, సరుకు గీత కిందకి దిగితే ఇండెంట్ (కొత్త సరుకు కావాలన్న చీటీ) వెళ్లిపోవాలి, అడగక్కర్లేదు. ఒకేసారి ఎన్ని తెప్పించాలి అన్నదానికి ఫోర్డ్ హారిస్ అనే అమెరికా ఇంజనీరు 1913లోనే సూత్రం రాశాడు. ఏడాది వాడకాన్ని ఒకసారి ఆర్డర్ ఖర్చుతో హెచ్చించి, రెండింతలు చేసి, ఒక టిన్ను ఏడాది దాచే ఖర్చుతో భాగించి వర్గమూలం తియ్యాలి. ఏడాదికి 6000 టిన్నులు, ఒక్కో ఆర్డర్‌కి వ్యాను అదీ 1500 రూపాయలు, టిన్ను దాచడానికి 8 రూపాయలు అనుకుంటే 1500 వస్తుంది. అంటే ఏడాదికి నాలుగుసార్లు. అటూఇటూ అయినా పెద్ద నష్టం లేదు, ఈ సూత్రంలో మంచి గుణం అదే.

ఇంకో మాట. మా మిల్లుకి ఒకప్పుడు చుట్టుపక్కల గోగునార వచ్చేది. నార తియ్యాలంటే గోగుని నీళ్లలో నానబెట్టాలి, చెరువులో నీళ్లుండాలి, ఒళ్లొంచి పనిచేసే మనిషి కావాలి, అంతా చేసి తెస్తే మేము తేమ ఉందని రేటు కోసేవాళ్లం. రైతు ఎన్నాళ్లు చూస్తాడు? వేరే పంటకి పోయాడు. ఆ తర్వాత బెంగాల్ నుంచి జనపనార తెప్పించుకుని రైలు ఖర్చు కట్టుకున్నాం. ఉద్దానం రైతులు గిట్టుబాటు ధర అడిగితే మీ ఫ్యాక్టరీలవాళ్లు ముఖం చిట్లిస్తుంటారు, ఇది కాస్త గుర్తుపెట్టుకోండి.

ఉద్దానం కుర్రాడు:

మాస్టారూ, టిన్నుల లెక్క ఇవాళే కట్టేస్తాను, మాకు ప్రతిసారీ సరిగ్గా పండగ ముందే టిన్నులు అయిపోతాయి. అన్నా, లాట్ పుస్తకానికి చిన్నాన్న ఒప్పుకున్నారు, నాన్న నవ్వి ఊరుకున్నారు. మరి దసరా ఫోన్ల సంగతి? సెప్టెంబరులో ఆర్డర్లు చూసి ఉన్నదంతా కొడితే నవంబరులో సగం మిగిలిపోతోంది. నిజంగా అంత తింటున్నారా జనం?

సిక్కోలు మిఠాయి:

తినడం లేదు బాబూ 😀 శ్రీకాకుళంలో మాకు స్వీట్ షాపు ఉంది కాబట్టి అవతలి పక్క సంగతి నేను చెప్తాను. పండక్కి నాకు 30 టిన్నులు కావాలి. 30 అంటే మీవాళ్లు 20 పంపుతారని తెలుసు, అందుకని 45 అంటాను. అదే మాట ఇంకో ఇద్దరు హోల్‌సేలర్లకి కూడా చెప్తాను, ఎవరిది ముందొస్తే అది తీసుకుంటా, మిగతావాళ్లకి "ఈసారికి వద్దులే" అంటా. నా ఒక్క అవసరం పలాసలో మూడు ఫ్యాక్టరీల పుస్తకాల్లో మూడు ఆర్డర్లుగా ఎక్కుతుంది. అడ్వాన్స్ అడగరు కదా, నాకేం పోయింది?

గంటస్తంభం సెంటర్:

హహ, బుల్‌విప్ ఎఫెక్ట్ గురించి నేను పేరా రాద్దామనుకుంటే ఆయన మూడు ముక్కల్లో తేల్చేశారు. ఎంఐటీలో జే ఫారెస్టర్ 1950ల చివర్లో చూపించింది ఇదే. కొట్లో అమ్మకం కాస్త పెరిగితే హోల్‌సేలర్ ఆర్డర్ ఇంకాస్త, ఫ్యాక్టరీ ఆర్డర్ మరింత పెరుగుతుంది, వెనక్కి పోయేకొద్దీ ఊపు పెద్దదవుతుంది. ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీవాళ్లు పిల్లల డైపర్లలో ఇదే చూసి ఆశ్చర్యపోయారు, పిల్లలు ఏడాది పొడవునా ఒకేలా వాడుతుంటే ఆర్డర్లు మాత్రం ఎగిరిపడుతున్నాయి. మన దగ్గర దసరా, పైడితల్లమ్మ సిరిమాను జాతర, దీపావళి వరసగా వస్తాయి కాబట్టి అసలు వాడకం కూడా పెరుగుతుంది, దాని మీద ఈ దొంగ లెక్క ఎక్కి కూర్చుంటుంది.

మందు కష్టమేమీ కాదు. పండగ ఆర్డర్‌కి కొంత అడ్వాన్స్ తీసుకో, సగం ఆర్డర్లు ఆవిరైపోతాయి. సరుకు తక్కువైతే అడిగినదాన్ని బట్టి పంచకు, నిరుడు నిజంగా ఎంత తీసుకున్నారో దాన్ని బట్టి పంచు, అప్పుడు 45 అనడంలో లాభం ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, పెద్ద ఖాతాలవాళ్లకి వారానికోసారి ఫోన్ చేసి "ఎన్ని కావాలి" అని కాదు, "ఎన్ని అమ్మారు, ఎన్ని మిగిలాయి" అని అడుగు.

కాశీబుగ్గ ట్రేడర్:

ఇవన్నీ బానే ఉన్నాయి గానీ ఈ వ్యాపారంలో డబ్బు వచ్చేది పిక్క రేటు మీద. మార్చి, ఏప్రిల్‌లో పట్టిన రేటే ఏడాది లాభం తేలుస్తుంది. సరుకు ఆపి అమ్మినవాడే బాగుపడ్డాడు, ఎర్ర గీతలు గీసి కాదు.

గంటస్తంభం సెంటర్:

ఆపి బాగుపడినవాళ్లు కనిపిస్తారు అన్నా, ఆపి మునిగినవాళ్లు ఫోరమ్‌లో రాయరు. రేటు పందెం వద్దని నేననను, అది మీ ఇష్టం, కానీ దాన్ని వేరే లెక్కగా రాయండి. 50 లక్షల సరుకు 10 శాతం వడ్డీ మీద నాలుగు నెలలు కూర్చుంటే లక్షా 66 వేల పైచిలుకు వడ్డీకే పోతుంది. రేటు అంతకన్నా పెరిగితేనే పందెం గెలిచినట్టు. పైగా ఆఫ్రికా పిక్క కూడా వస్తోంది, ఐవరీకోస్ట్ సీజన్ మనతో పాటే, టాంజానియా పంట అక్టోబరు నుంచి మొదలవుతుంది. ఓడలో రావడానికి టైం పట్టినా ఏడాది చివర్లో ఇంకోసారి కొనుక్కునే దారి ఉంది కాబట్టి మొత్తం ఏప్రిల్‌లోనే కొనేయాలన్న తొందర కొంత తగ్గుతుంది.

సోంపేట కొబ్బరి:

ఎవరూ తుఫాను మాట ఎత్తలేదేంటి? ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. ఈ తేదీలు చూడండి, సరిగ్గా మీ పండగ సరుకు గోడౌన్‌లో నిండుగా ఉండే వారం. తిత్లీ అప్పుడు మా వైపు జీడి, కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పోయాయి, కరెంటు లేదు, రోడ్డు మీద చెట్లు. జీడి తోట మళ్లీ వేస్తే కాపుకి మూడు నాలుగేళ్లు, నిండా కాయడానికి ఇంకా ఎక్కువ. ఫ్యాక్టరీవాళ్లకి నా సలహా ఒకటే, ప్యాకింగ్ అయిన సరుకంతా ఒక్కచోట పెట్టకండి. తిత్లీ పలాసని కొట్టింది, హుద్‌హుద్ విశాఖ, విజయనగరాన్ని కొట్టింది, రెండు ఒకేసారి రాలేదు. పండగ సరుకులో కొంత అక్టోబరు రాకముందే అటువైపు హోల్‌సేలర్ దగ్గరికి చేర్చి పెట్టుకోండి. బీమా కాగితంలో స్టాక్ విలువ ఏప్రిల్‌ది ఉందా సెప్టెంబరుది ఉందా అనేది కూడా ఒకసారి చూసుకోండి.

ఉద్దానం కుర్రాడు:

బీమా కాగితం తీసి చూశాను, ఏప్రిల్ విలువే ఉంది. రేపు ఏజెంట్‌ని రమ్మన్నాను. అడ్వాన్స్ మాట ఎత్తితే మాత్రం నాన్న ఒప్పుకోవడం లేదు, "పాతికేళ్ల ఖాతాని అడ్వాన్స్ అడుగుతావా" అని. నిరుటి కొనుగోలు బట్టి పంచుదాం అంటే సరే అన్నారు. బద్ద, ముక్కకి ఏం చెయ్యాలో ఎవరైనా చెప్పండి, కోర్సు ఫీజు సంగతి కూడా.

సిక్కోలు మిఠాయి:

బద్ద నాకు చెప్పు. కాజూ బర్ఫీకి ఎలాగూ రుబ్బేది, నాకు నిండు పప్పు ఎందుకు? హల్వాలోకి, బిర్యానీ హోటళ్లకి ముక్క చాలు. మీవాళ్లు గుళ్ల కోసం వచ్చిన ఖాతాలకే బద్ద అంటగడుతుంటారు, ఐస్‌క్రీమ్‌వాళ్లని, బేకరీలని, హోటళ్లని అడగరు. నెలకి ఇంత అని ఏడాది పొడవునా తీసుకుంటాను, రేటు మాట్లాడుకుందాం, ఫోన్ నంబరు మెసేజ్‌లో పెట్టు.

పాత స్టోర్‌కీపర్:

ఫీజు ఇప్పుడే కట్టకండి బాబూ. ముందు లాట్ పుస్తకం ఒక సీజన్ రాయండి, అప్పుడు కోర్సులో ఏ పాఠం కావాలో మీకే తెలుస్తుంది, అది ఒక్కటే కొనుక్కోవచ్చు. నూనె మిల్లుకి జీడి తొక్క ఏ రేటుకి పోతోందో కూడా ఆ పుస్తకంలోనే ఓ గడి పెట్టండి, దాన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు.