మామయ్య కారు స్టీరియోలో విజయవాడ స్టేషన్ పోయింది, తాళం తీస్తే నంబర్లూ పోతున్నాయి – తెలిసినవాళ్లు చెప్పండి

కందుకూరు కోడలు:

అందరికీ నమస్కారం. మాది కందుకూరు. మా మామయ్యది 2004 ఎస్టీమ్. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పోయిన ఏడాది కళ్ల ఆపరేషన్ అయ్యాక డ్రైవింగ్ మానేశారు, ఇప్పుడు నేనే నడుపుతున్నా. వారానికి రెండుసార్లు మోకాలి ఫిజియోథెరపీకి ఒంగోలు తీసుకెళ్తాను. పొద్దున ఆరున్నరకి బయల్దేరితే, సింగరాయకొండ దగ్గర హైవే ఎక్కేలోపు విజయవాడ నుంచి 6.45 ప్రాంతీయ వార్తలు వస్తాయి. టంగుటూరు దాటేదాకా ఇద్దరం ఆ వార్తల మీదే మాట్లాడుకుంటాం.

స్టీరియో మా బావగారు అమెరికా నుంచి 2010లో తెచ్చింది. దాని మీద చిన్న అక్షరాలు మామయ్యకి ఇప్పుడు కనపడవు. కానీ కింద వరసలో ఆరు బటన్లున్నాయి కదా, వేలితో తడిమి ఎడమ పక్క మొదటిది నొక్కితే విజయవాడ. అది ఆయన చేతికి అలవాటు.

పోయిన నెల బ్యాటరీ చచ్చిపోతే ఒక షాపులో కొత్తది వేయించాం. అప్పటి నుంచి మొదలైంది.

కారు ఆపి తాళం తీసి మళ్లీ పెడితే గడియారం 12 దగ్గరకి వచ్చేస్తోంది, మనం దాచుకున్న స్టేషన్లన్నీ పోతున్నాయి. సరే రోజూ వెతుక్కుందాం అంటే విజయవాడ దొరకడమే లేదు. సీక్ నొక్కితే అంకెలు గిర్రున తిరిగి మొదటికొస్తున్నాయి. చేత్తో ఒక్కో అంకె జరిపితే ఒకచోట మాట లీలగా వినపడుతుంది కానీ గరగర. పైగా యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ కుయ్‌మని సన్నగా ఈల లాంటి శబ్దం పెరుగుతుంది.

ఇంకో రెండు చిన్నవి. వెనక ఎడమ డోర్ లోపల్నుంచి తెరుచుకోవడం లేదు, నేను దిగి బయట నుంచి తీయాల్సి వస్తోంది. మామయ్య ముందు సీట్లో కూర్చుంటారు, ఆయన పక్క పవర్ విండో ఆయన స్విచ్‌తో దిగడం లేదు, నా వైపు స్విచ్‌తో మాత్రం దిగుతోంది. ఇవి కూడా బ్యాటరీ వల్లేనా?

మామయ్య ఏమీ అనరు. ఆ మొదటి బటన్ నొక్కుతారు, గరగర వింటారు, కాసేపటికి చెయ్యి తీసేసి రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటారు. నాకు ప్రాణం ఉసూరుమంటోంది. ఎట్లాగైనా ఆ బటన్‌కి ఆ స్టేషన్ తిరిగి రావాలి.

కావలి కుర్రోడు:

అక్కా, అంత పాత సెట్టుతో ఎందుకు తిప్పలు? తొమ్మిదించుల టచ్ స్క్రీన్ పెట్టించేయండి. మ్యాపులు, రివర్స్ కెమెరా అన్నీ వస్తాయి. రేడియో వార్తలు ఫోన్ యాప్‌లో కూడా వస్తున్నాయి.

కందుకూరు కోడలు:

తమ్ముడూ, మంచికే చెప్పావు. కానీ టచ్ స్క్రీన్ నున్నటి అద్దం. దాని మీద వేలితో తడిమితే ఏ బటన్ ఎక్కడుందో తెలియదు. ఆయన ఎవరినీ అడక్కుండా చేసుకోగలిగే పనుల్లో ఇదొకటి. ఈ సెట్టే బాగు చేయాలి.

నెల్లూరు ఎలక్ట్రీషియన్:

చెల్లెమ్మా, ముప్పై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పనే నాది. ముందు ఒక్క మాట చెప్పు. రాత్రిపూట డోర్ తీస్తే లోపల రూమ్ లైట్ వెలుగుతోందా?

కందుకూరు కోడలు:

లేదన్నా! వెలగడం లేదు. బల్బు పోయిందనుకుని ఊరుకున్నాం. మీరు అడిగాక ఆలోచిస్తే, అది కూడా ఆ నెల నుంచే.

నెల్లూరు ఎలక్ట్రీషియన్:

అయితే సగం పని అయిపోయినట్టే.

స్టీరియోకి కరెంటు రెండు దారుల్లో వస్తుంది. ఎర్ర వైరు తాళం తిప్పితేనే కరెంటు ఇస్తుంది, సెట్టు ఆన్ అయ్యేది దానితో. పసుపు వైరుకి తాళంతో పని లేదు, బ్యాటరీ నుంచి ఇరవై నాలుగు గంటలూ కరెంటు ఉంటుంది. గడియారం, దాచుకున్న స్టేషన్లు నిలబడేది ఆ పసుపు వైరు మీదే. నల్లది ఎర్త్. ఎర్ర వైరు మీదే నడిచే సెట్లలో పసుపులో కరెంటు ఆగిందంటే, నువ్వు తాళం తీసిన ప్రతిసారీ ఆ సెట్టు అన్నీ మరిచిపోతుంది.

చాలా పాత కార్లలో ఆ పసుపు వైరుకీ రూమ్ లైట్‌కీ ఒకటే ఫ్యూజు ఉంటుంది. బ్యాటరీ మార్చేటప్పుడు టెర్మినల్ దగ్గర నిప్పురవ్వ వచ్చినా, స్పానర్ తగిలినా ఆ చిన్న ఫ్యూజు పోతుంది. బండి స్టార్ట్ అవుతుంది, హారన్ మోగుతుంది, అన్నీ బాగున్నాయని పంపించేస్తారు. అందుకే అడిగా.

ఇప్పుడు చేయాల్సింది. తాళం తీసేసెయ్. స్టీరింగ్ కింద ఫ్యూజు డబ్బా మూత తీసి, మూత వెనక బొమ్మలో రూమ్ లైట్‌ది ఏదో చూసుకో. ఫ్యూజుని నిటారుగా పైకి లాగి వెలుతురికి పెట్టి చూడు. మధ్యలో ఉండే సన్నటి రేకు తెగి ఉంటే అదే. ఫ్యూజు రంగులు గుర్తుపెట్టుకో: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. పోయింది ఏ రంగో కొత్తదీ అదే రంగు వెయ్యాలి. ఎక్కువది వేస్తే ఇక పోదు కదా అని కొందరు 30 వేస్తారు. అప్పుడు ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి పెట్టే వాళ్లనీ చూశా, ఆ పని అస్సలు చేయనివ్వద్దు.

కొత్తది వేసిన వెంటనే మళ్లీ పోతే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. అప్పుడు నువ్వు చెయ్యి పెట్టొద్దు, వైరింగ్ తెలిసినవాడికి చూపించు.

సింగరాయకొండ ట్యాక్సీ:

డోర్ సంగతి నేను చెప్తానక్కా. వెనక ఎడమ డోర్ బయట నుంచి పూర్తిగా తెరిచి, అంచున తాళం పట్టే చోటుకి కింద చూడండి, చిన్న మీట ఉంటుంది. అది చైల్డ్ లాక్. పిల్లలెవరో ఆడుతూ కదిపి ఉంటారు, లేకపోతే కారు కడిగేటప్పుడు గుడ్డ తగిలి ఉంటుంది. రెండో వైపుకి తోయండి, లోపల్నుంచి తెరుచుకుంటుంది.

విండో కూడా అంతే. మీ డోర్ మీద స్విచ్‌ల పక్కన ఒక లాక్ బటన్ ఉంటుంది. అది లోపలికి నొక్కి ఉంటే మీ స్విచ్‌తో తప్ప మిగతావాళ్ల స్విచ్‌లతో అద్దాలు దిగవు. ఒకసారి నొక్కి వదలండి. ఈ రెండింటికీ బ్యాటరీతో సంబంధం లేదు.

ఒంగోలు రేడియో శ్రోత:

అమ్మా, ఫ్యూజు వేస్తే నంబర్లు నిలుస్తాయి. కానీ విజయవాడ దొరకకపోవడానికి కారణం వేరే ఉందనిపిస్తోంది. మీడియం వేవ్‌లో పెట్టి ఒక్కో నొక్కు నొక్కినప్పుడు అంకెలు ఎట్లా మారుతున్నాయో రాయండి. మాట లీలగా వినపడేది ఏ అంకె దగ్గర?

కందుకూరు కోడలు:

ఇప్పుడే కార్లో కూర్చుని చూశానండీ. 810, 820, 830, 840, 850... ఇలా వెళ్తోంది. మాట వినపడేది 840 దగ్గర, 830 దగ్గర కూడా ఏదో కొంచెం. రెండూ సరిగా లేవు.

ఒంగోలు రేడియో శ్రోత:

నేననుకున్నదే అయింది.

విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో వచ్చేది 837 కిలోహెర్ట్జ్ మీద. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ చొప్పున లెక్క. అమెరికాలో అది 10. అమెరికా సెట్టు 830 నుంచి ఒక్క దూకులో 840కి వెళ్తుంది, మధ్యలో ఉన్న 837 మీద నిలబడదు. మీకు వినపడేది పక్క వాకిట్లో నిలబడి వింటున్నట్టు వచ్చే మాట. చెన్నై 720 మాత్రం రెండు లెక్కలకీ సరిపోతుంది, అది బాగానే వస్తుండాలి, చూడండి. హైదరాబాద్ 738కీ మళ్లీ ఇదే ఇబ్బంది.

మరి ఇన్నేళ్లూ ఎట్లా వచ్చింది? మీ బావగారో, సెట్టు బిగించినవాళ్లో అప్పుడే దాన్ని 9కి మార్చి ఉంటారు. బ్యాటరీ తీసినప్పుడు అది పుట్టింటి అలవాటుకి వెళ్లిపోయింది. ఇప్పుడు ఫ్యూజు కూడా లేదు కాబట్టి తాళం తీసిన ప్రతిసారీ వెళ్తూనే ఉంటుంది. అందుకని ముందు ఫ్యూజు, తరవాత ఈ మార్పు, ఆఖరున స్టేషన్లు దాచడం. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికొస్తారు, ఎందుకంటే 10 నుంచి 9కి మార్చగానే చాలా సెట్లు పాత స్టేషన్లన్నీ చెరిపేస్తాయి.

మార్చే చోటు ఒక్కో సెట్టుకి ఒక్కోలా ఉంటుంది. కొన్నింటిలో మెనూలో ట్యూనర్ స్టెప్ అనో, ఏరియా అనో ఉంటుంది. సెట్టు ఆఫ్‌లో పెట్టి ఒక బటన్ ఒత్తి పట్టుకుంటేనే ఆ మెనూ వచ్చేవి ఉన్నాయి. కొన్ని పాతవాటికి అడుగునే చిన్న స్విచ్ ఉంటుంది, దానికి సెట్టు బయటికి లాగాలి. మార్చాక సరిచూసుకోవడం తేలిక: మీడియం వేవ్ 530 దగ్గర కాకుండా 531 దగ్గర మొదలైతే మారినట్టు. ఎఫ్ఎం కూడా దీనితోనే బాగవుతుంది. అమెరికా లెక్కలో అది 102.1 నుంచి 102.3కి దూకుతుంది, 102.2 ఉండదు. అయితే ఎఫ్ఎం అలలు దాదాపు కంటిచూపు దారిలోనే పోతాయి కాబట్టి విజయవాడ ఎఫ్ఎం మీ ఊరిదాకా ఆశ పెట్టుకోవద్దు. మీడియం వేవ్ నేలని పట్టుకుని వస్తుంది, మీకు అదే దిక్కు.

ఇక ఆ ఈల. సిగరెట్ లైటర్ సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి ఉంచుతారా? ముందు దాన్ని పీకేసి వినండి. చవక చార్జర్లు మీడియం వేవ్‌ని చంపేస్తాయి. అది తీసినా ఉంటే యాంటెన్నా మొదలు చూడండి. మా ఒంగోలుకి కొత్తపట్నం సముద్రం ఎంత దూరం, ఆ ఉప్పుగాలికి యాంటెన్నా బాడీకి ఆనే చోట తుప్పు పట్టి ఎర్త్ వదిలేస్తుంది. నా కారుకి రెండేళ్లకోసారి ఇదే పని. మర విప్పి, ఆ ఆనే చోటుని ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగించాలి. యాంటెన్నా కడ్డీ పూర్తిగా పైకి లాగి ఉండాలి, సగం లాగితే సగం రేడియోనే.

విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. నా చిన్నప్పుడు మా ఇంట్లో గడియారం దాన్ని బట్టే తిప్పేవాళ్లం. అందుకే మీ పోస్టు చూసి ఇంత పొడుగు రాశాను.

కందుకూరు కోడలు:

ఆదివారం మొత్తం దీనిమీదే కూర్చున్నాం. వరసగా చెప్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

నెల్లూరు అన్న చెప్పినట్టు నీలం ఫ్యూజు, 15 ఆంపియర్లది. లాగి కిటికీ వైపు పట్టి చూస్తే లోపల రేకు రెండు ముక్కలు, ప్లాస్టిక్ మీద నల్లటి మసి. కొత్తది వేయగానే నెత్తి మీద రూమ్ లైట్ వెలిగింది. మా చిన్నది చప్పట్లు కొట్టింది. (చైల్డ్ లాక్ కదిపింది కూడా అదేనట, ఒప్పుకుంది. డోర్, విండో రెండూ సింగరాయకొండ తమ్ముడు చెప్పిన చోటే ఉన్నాయి, నిమిషంలో అయిపోయాయి.)

9, 10 సంగతికి మాత్రం గంట పట్టింది. సెట్టు ఆఫ్ చేసి మెనూ బటన్ ఒత్తి పట్టుకుంటే గడియారం సరిచేసేది వచ్చింది, ఇంకా తిప్పితే ట్యూనర్ స్టెప్ కనపడింది. మార్చాను. 531 దగ్గర మొదలైంది. పక్కనే కూర్చున్న మామయ్యకి తొమ్మిదేసి చొప్పున వెళ్తుందట, 837 మీద ఆగుతుందట అని చెప్తే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "ఆగుతుంది మరి. తొమ్మిది తొంభై మూళ్లు ఎనిమిది వందల ముప్పై ఏడు" అన్నారు. తరవాత ఆయనే "నేను పుట్టిందీ, ఆ స్టేషన్ పుట్టిందీ ఒకే సంవత్సరం" అన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట మాకెప్పుడూ చెప్పలేదు.

చార్జర్ పీకగానే ఈల పోయింది. గరగర కొంత మిగిలింది. యాంటెన్నా మర విప్పితే కింద పచ్చగా, ఎర్రగా పొడి రాలింది. రుద్ది బిగించాం.

స్టేషన్ దాచే పని మామయ్యనే చేయమన్నాను. మొదటి బటన్ వెతుక్కుని, బీప్ వచ్చేదాకా వేలు తీయకుండా నొక్కి పట్టుకున్నారు. ఆయన వేలి గోరు తెల్లబడేదాకా. తాళం తీసి, డోర్ వేసి, పది నిమిషాలు ఇంట్లోకి వెళ్లి వచ్చి మళ్లీ పెట్టాం. గడియారం నడుస్తోంది. ఆయన బటన్ నొక్కారు, విజయవాడ వచ్చింది.

మంగళవారం ఒంగోలు వెళ్లాం. వార్తలయ్యేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, టంగుటూరు దగ్గర మొదలుపెట్టారు, ఆస్పత్రి గేటు దాకా ఆపలేదు.

నెల్లూరు అన్నా, ఒక్కటి మిగిలింది. ఆయన పక్క అద్దం ఇప్పుడు దిగుతోంది కానీ ఎక్కేటప్పుడు మూలుగుతూ ఎక్కుతోంది. మోటారా, రబ్బరా?

నెల్లూరు ఎలక్ట్రీషియన్:

కిందికి మామూలుగా దిగి పైకి బరువుగా ఎక్కుతోందంటే ముందు రబ్బరు చూడాలి చెల్లెమ్మా. అద్దం దిగే గాడిలో దుమ్ము పట్టి గట్టిపడి ఉంటుంది. తడిగుడ్డతో గాడి లోపల తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టు. గ్రీజు, ఇంజన్ ఆయిల్ పూయొద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. నాలుగైదుసార్లు పైకీ కిందికీ తిప్పు. అప్పటికీ మూలిగితే నెల్లూరు వైపు వచ్చినప్పుడు చెప్పు, డోర్ ప్యాడ్ విప్పి మోటారు చూద్దాం. మాస్టారిని కూడా తీసుకురా.